నూరు వరహాల ఆకులు పచ్చబడుతున్నాయా? మొక్కని తిట్టకండి, నీళ్లని చూడండి

(వీడియో చూసే టైమ్ లేనివాళ్ల కోసం, డేటా అయిపోయినవాళ్ల కోసం, ఈ ఎపిసోడ్ మాటలన్నీ ఇక్కడ రాతలో పెడుతున్నాం.)

ఈరోజు మాట్లాడుకోబోయే మొక్క మీ అందరికీ తెలుసు. పేరు తెలియకపోయినా చూసే ఉంటారు. గుడి ముందు ఉంటుంది, స్కూల్ కాంపౌండ్‌లో ఉంటుంది, జూబ్లీహిల్స్ వైపు వెళ్తే పెద్ద పెద్ద బంగళాల ప్రహరీల వెంబడి వరసగా ఉంటుంది. ముదురు ఆకుపచ్చ ఆకులు, వాటి మీద ఎర్రటి గుత్తులు. చిన్నప్పుడు పువ్వు లాగి, కాడ చివర తేనె చీకినవాళ్లు చేతులెత్తండి. అదే, నూరు వరహాలు. నర్సరీలో అడిగితే ఇక్సోరా అంటారు.

కామెంట్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒక్కటే. "కొన్నప్పుడు నిండా పూలతో ఉంది. మూడు నెలలకి కొత్త ఆకులు పచ్చగా, తర్వాత దాదాపు తెల్లగా వస్తున్నాయి. పూలు లేవు. ఏం చేయాలి?" టోలిచౌకి, మెహదీపట్నం, షేక్‌పేట్, మణికొండ, ఈ చుట్టుపక్కల నుంచే ఎక్కువ. చాలామంది చివర్లో ఇంకో మాట కూడా రాస్తారు. "నా చేతికి మొక్కలు బతకవు" అని. ఇంట్లో పెద్దవాళ్లు కూడా అంటుంటారు కదా, హస్తవాసి మంచిది కాదు అని. కొత్తగా వచ్చిన కోడల్నో, హాస్టల్ రూమ్ నుంచి ఫ్లాట్‌కి మారిన పిల్లల్నో అనేస్తారు.

ఈ ఎపిసోడ్ చివరికి వచ్చేసరికి ఒక విషయం మీకే అర్థమవుతుంది. ఇందులో చెయ్యి తప్పు లేదు. మొక్క తప్పు కూడా లేదు. ఎక్కువ సార్లు తప్పు మీ బిల్డింగ్ సంప్‌లో ఉన్న నీళ్లది. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మొక్క గురించి రెండు ముక్కలు

వరహా అంటే పాతకాలపు బంగారు నాణెం. విజయనగర రాజుల కాలంలో చెలామణీ అయ్యింది. దాని మీద వరాహమూర్తి బొమ్మ ఉండేది కాబట్టి ఆ పేరు. ఒక్కో గుత్తిలో పదుల కొద్దీ చిన్న చిన్న పూలు కలిసి ఉంటే, నాణేలు కుప్పపోసినట్టు ఉంటుంది. అందుకే నూరు వరహాలు. ఎంత అందమైన పేరో చూడండి. ఇక్సోరా అనే శాస్త్రీయ నామం కూడా మన దగ్గర్నుంచి వెళ్లిందే. ఈశ్వర అనే మాట పోర్చుగీసువాళ్ల నోట్లో తిరిగి అలా మారిందని చెబుతారు. 1753లో లిన్నేయస్ తన పుస్తకంలో దీనికి ఇక్సోరా కాక్సీనియా అని పేరు పెట్టాడు. కాక్సీనియా అంటే ఎర్రటిది అని అర్థం.

దీని సొంతూరు దక్షిణ భారతదేశం, శ్రీలంక. మలయాళంలో తెచ్చి, చెత్తి అంటారు. తమిళంలో వెట్చి అంటారు. వాళ్లే ముద్దుగా ఇడ్లీ పువ్వు అని కూడా అంటారు, గుత్తి గుండ్రంగా ఉబ్బి ఉంటుంది కాబట్టి. ఇది కాఫీ కుటుంబానికి చెందిన మొక్క. అంటే మన అరకు కాఫీకి చుట్టం అన్నమాట. ఈ చుట్టరికం గుర్తు పెట్టుకోండి, అసలు కథంతా ఇక్కడే ఉంది.

కాఫీ ఎక్కడ పండుతుంది? వానలు బాగా పడే కొండల్లో. నూరు వరహాలు అడవిలో సహజంగా పెరిగేది కూడా అలాంటి వాన ప్రాంతాల్లోనే. కేరళలో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంత వాన పడితే మట్టిలో ఉన్న సున్నం కొట్టుకుపోతుంది. మట్టి కొంచెం పులుపు వైపు, అంటే ఆమ్ల గుణం వైపు వెళ్తుంది. ఈ మొక్క వేర్లకి తరతరాలుగా ఆ పుల్లటి మట్టి అలవాటు.

మన హైదరాబాద్‌లో పడేది సుమారు 800 మిల్లీమీటర్లు. ఇక్కడ సున్నం కొట్టుకుపోదు, మట్టిలోనే ఉండిపోతుంది. పైగా మన కింద ఉన్నదంతా గ్రానైట్. జూబ్లీహిల్స్‌లో ఇళ్ల మధ్య కనబడే ఆ పెద్ద పెద్ద బండరాళ్లే భూమి లోపల కూడా ఉన్నాయి. ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవ ఉన్న నీళ్లని మనం బోరు వేసి పైకి లాగుతాం. రాయిలోంచి కరిగిన కాల్షియం, బైకార్బనేట్ ఆ నీళ్లతో పాటే వస్తాయి. బకెట్ అడుగున తెల్లటి పొర, షవర్ రంధ్రాలు మూసుకుపోవడం, సబ్బు నురగ రాకపోవడం, గీజర్ రాడ్ మీద పెంకు కట్టడం, ఇవన్నీ దాని గుర్తులే. దాన్నే మనం ఉప్పు నీళ్లు, గట్టి నీళ్లు అంటాం.

ఎర్రమట్టి నిండా ఇనుమే, కానీ మొక్కకి అందదు

ఇప్పుడు అసలు పాయింట్. ఆకు పచ్చబడడానికి కారణం ఇనుము అందకపోవడం. ఆకుకి ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం తయారవ్వాలంటే ఇనుము కావాలి. ఇక్కడ మీకో డౌట్ రావాలి. మనం కుండీలో వేసింది ఎర్రమట్టి కదా, ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల కదా, మరి ఇనుము లేకపోవడమేంటి?

కరెక్ట్ డౌట్. ఇనుము ఉంది. కానీ తుప్పు రూపంలో ఉంది. వేరు దేన్నైనా తాగాలంటే అది నీళ్లలో కరగాలి. ఇనుము కరగాలంటే మట్టి కొంచెం పుల్లగా ఉండాలి. పీహెచ్ అనే లెక్క స్కూల్లో చదివాం కదా. 7 అంటే మధ్యస్థం, అంతకంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఈ మొక్కకి 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే హాయి. పీహెచ్ ఒక్క పాయింట్ పెరిగితే, కరిగే ఇనుము వెయ్యో వంతుకి పడిపోతుంది. సగానికి కాదండి, వెయ్యో వంతుకి. అంటే కుండీలో కిలోల కొద్దీ ఎర్రమట్టి ఉన్నా, పీహెచ్ 8 దగ్గరికి వెళ్తే మొక్క పళ్లెం ముందు కూర్చుని పస్తులున్నట్టే.

మీరు రోజూ పోసే బోరు నీళ్లు చేసే పని ఇదే. ఒక్క రోజులో ఏమీ కాదు. నర్సరీ నుంచి వచ్చినప్పుడు ఉన్న మట్టిలో మొదటి రెండు మూడు నెలలు బండి నడుస్తుంది. మగ్గు తర్వాత మగ్గు, సున్నం పేరుకుంటూ పోతుంది. కుండీ అంచుకి తెల్లగా పొర కడుతుంది. అప్పుడు కొత్త ఆకులు రంగు తప్పుతాయి. అందుకే అందరి మెసేజ్‌లలోనూ "మొదట బాగుంది, తర్వాత పాడైంది" అనే ఉంటుంది.

ఇంకో వింత కూడా చాలామంది గమనించే ఉంటారు. వానాకాలంలో కోలుకుంటుంది, ఎండాకాలంలో మళ్లీ మొదలు. అపార్ట్‌మెంట్లలో జలమండలి నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంప్‌లో కలుస్తాయి. జలమండలి ఇచ్చేది కృష్ణా, గోదావరి, మంజీరా లాంటి నదుల, చెరువుల నీళ్లు. అవి సాధారణంగా బోరు నీళ్ల కంటే మెత్తన. ఎండాకాలం వచ్చేసరికి సంప్‌లో బోరు వాటా, ట్యాంకర్ వాటా పెరుగుతుంది. ట్యాంకర్ వాడు తెచ్చేది కూడా చాలాసార్లు ఎక్కడో ఒక బోరు నీళ్లే. మీ సంప్‌లో ఏం మారిందో వాచ్‌మన్ కంటే ముందు నూరు వరహాలే చెప్పేస్తుంది.

పసుపు అంటే అన్నీ ఒకటే పసుపు కాదు

మందు కొనే ముందు ఫోన్ కెమెరా తీసి ఆకుని దగ్గరగా ఫోటో తీయండి. జూమ్ చేసి చూడండి.

కొత్త ఆకులు, అంటే కొమ్మ చివరి ఆకులు పసుపుగా ఉండి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వల గీసినట్టు కనిపిస్తే, అది ఇనుము లోపం. ఎందుకు కొత్త ఆకులే? ఒకసారి ముదురు ఆకులోకి వెళ్లిన ఇనుముని మొక్క తీసి కొత్త ఆకుకి సర్దలేదు. అందుకే ముందు దెబ్బ తినేది కొత్తదే.

కింది ముదురు ఆకులు ఈనెలతో సహా మొత్తం పసుపైతే, అది నత్రజని తక్కువవడం. నత్రజనిని మాత్రం మొక్క పాత ఆకుల్లోంచి పీకి కొత్త వాటికి ఇస్తుంది. కాబట్టి కంపోస్ట్ వేస్తే సరిపోతుంది. అప్పుడప్పుడు ఒకటి రెండు ముదురు ఆకులు రాలడం మామూలే, కంగారు పడకండి.

ఆకులు పసుపై, మెత్తగా వేలాడుతూ, మట్టి ఎప్పుడూ తడిగా, వాసన వస్తుంటే, అది వేరు కుళ్లు. ఇక్కడ ఇనుము ఎంత వేసినా ఉపయోగం లేదు. ముందు నీళ్లు ఆపాలి, కుండీ కింద రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి.

ఇంట్లో చేసే చిన్న టెస్ట్ ఒకటి. ఒక చెంచా ఎండిన కుండీ మట్టి తీసుకుని దాని మీద కొంచెం వెనిగర్ వేయండి. బుస్సుమని బుడగలు వస్తే ఆ మట్టిలో సున్నం బాగా ఉన్నట్టు. ఇంకా క్లియర్‌గా తెలియాలంటే ఆన్‌లైన్‌లో పీహెచ్ స్ట్రిప్‌లు దొరుకుతాయి. ఖరీదు పెద్దగా ఉండదు. మట్టిని ఆర్.ఓ. మంచి నీళ్లలో కలిపి, అరగంట ఆగి, పైన తేరిన నీళ్లలో ముంచండి. మీరు పోసే నీళ్లని కూడా విడిగా చెక్ చేయండి.

మంచి చేస్తున్నామనుకుని చేసే పనులు

ఇది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే రీల్స్‌లో చూసి మనమంతా చేసేవే ఇవి.

ఒకటి, కోడిగుడ్డు పెంకుల పొడి. అది నూటికి తొంభై పాళ్లకు పైగా కాల్షియం కార్బనేట్, అంటే సున్నపురాయి పదార్థమే. వేరే మొక్కల సంగతి వేరు. దీనికి మాత్రం వద్దు.

రెండు, కట్టెల బూడిద. ఇది పీహెచ్‌ని ఇంకా పెంచుతుంది.

మూడు, ఆర్.ఓ. మెషీన్ వదిలేసే వేస్ట్ నీళ్లు. "నీళ్లు వేస్ట్ చేయకండి, మొక్కలకి పోయండి" అంటారు. మంచి ఉద్దేశమే. కానీ మీ తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా ఆ పైపులోనే వస్తుంది. అంటే అది గట్టి నీళ్లలోకెల్లా గట్టి నీళ్లు. వాటితో నేల కడుక్కోండి, టాయిలెట్‌లో వాడుకోండి. నూరు వరహాలకి పోయకండి.

నాలుగు, తుప్పు పట్టిన మేకులు కుండీలో గుచ్చడం. తుప్పు అంటే ఇనుము ఆక్సైడ్. అది మన ఎర్రమట్టిలో ఎలాగూ ఉంది. కరగనప్పుడు ఇంకో పది మేకులు గుచ్చినా అంతే. చెయ్యి కోసుకోవడం తప్ప లాభం లేదు.

ఐదు, కొత్త సిమెంటు కుండీ. రోడ్డు పక్కన అమ్మే ఆ డిజైన్ కుండీలు చూడ్డానికి బాగుంటాయి. కానీ కొత్త సిమెంటులోంచి సున్నం మట్టిలోకి దిగుతూనే ఉంటుంది. నేలలో నాటేవాళ్లు కూడా కొత్తగా కట్టిన గోడ పక్కనే నాటకండి, కనీసం రెండు మూడు అడుగులు జరగండి. కన్‌స్ట్రక్షన్ సైట్ దగ్గర ఫ్రీగా దొరికిన మట్టిలో సిమెంటు పెళ్లలు ఉంటాయి, అది కూడా వద్దు. మట్టి కుండీ లేదా మామూలు ప్లాస్టిక్ కుండీ చాలు.

మందు మన ఊళ్లలోనే ఉంది: అన్నభేది

ఇప్పుడు బాగు చేయడం. ఊరి నుంచి వచ్చినవాళ్లు ఒకసారి ఇంటికి ఫోన్ చేసి అడగండి. వేరుశనగ చేను పసుపెక్కితే ఏం కొడతారు అని. నాన్నో, బాబాయో వెంటనే చెప్పేస్తారు, అన్నభేది, నిమ్మ ఉప్పు అని. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఎరువుల షాపులో కిలో లెక్కన తక్కువ ధరకే దొరుకుతుంది. సున్నం ఎక్కువ ఉన్న నేలల్లో మన రైతులు ఎప్పట్నుంచో వాడుతున్నదే. మీ బాల్కనీలో ఉన్న జబ్బూ, ఆ చేనులో ఉన్న జబ్బూ ఒక్కటే.

రైతులు చేనుకి లీటరుకి 5 గ్రాముల దాకా వాడతారు. మనం కుండీ మొక్కకి తక్కువలో మొదలుపెడదాం. లీటరు మంచి నీళ్లు, అంటే వాన నీళ్లు గానీ ఆర్.ఓ. మంచి నీళ్లు గానీ తీసుకోండి. ముందు చిటికెడు నిమ్మ ఉప్పు కలపండి. తర్వాత 2 గ్రాముల అన్నభేది వేసి కరిగించండి. కిచెన్ స్కేల్ ఉంటే తూకం వేయండి. సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల మీద పలచగా స్ప్రే చేయండి. మొదటి రోజు రెండు ఆకుల మీదే కొట్టి చూడండి. రెండు రోజుల తర్వాత మచ్చలు రాకపోతే అప్పుడు మొత్తానికి. వారానికి ఒకసారి, రెండు మూడు వారాలు చాలు. ఒకటి రెండు వారాల్లో లేత ఆకులు రంగు పట్టడం కనిపిస్తుంది. బాగా తెల్లబడిన పాత ఆకు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, దాన్ని చూసి నిరాశ పడకండి. తర్వాత వచ్చే ఆకుని చూడండి.

మూడు జాగ్రత్తలు. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉండాలి. గోధుమ రంగులోకి తిరిగిపోతే అది తుప్పైపోయినట్టు, పనిచేయదు. కలిపిన నీళ్లు కూడా అప్పటికప్పుడు వాడేయాలి, రేపటికి దాచకూడదు. రెండోది, టైల్స్ మీద, మార్బుల్ మీద పడితే మరక వదలదు. అద్దె ఇల్లయితే ఓనర్ ఆంటీతో గొడవే, కింద పేపర్ పరవండి. మూడోది చాలా సీరియస్. ఇనుము లవణాలు చిన్నపిల్లల కడుపులోకి వెళ్తే ప్రాణం మీదకి రావచ్చు. కూల్‌డ్రింక్ బాటిల్‌లో కలిపి పెట్టడం, వంటింటి స్పూన్ వాడడం అస్సలు వద్దు. పైన అందనిచోట, పేరు రాసి పెట్టండి. చేతికి గ్లోవ్స్ వేసుకోండి.

అయితే స్ప్రే అనేది జ్వరానికి టాబ్లెట్ లాంటిది. మట్టి మారకపోతే మళ్లీ వస్తుంది. మట్టికి వేసే చీలేటెడ్ ఐరన్ కూడా దొరుకుతుంది. ఇక్కడ ప్యాకెట్ మీద అక్షరాలు చదవండి. ఈడీటీఏ అని ఉంటే అది పీహెచ్ 6.5 దాటాక మట్టిలో సరిగ్గా నిలబడదు, ఆకుల మీద కొట్టుకోవచ్చు. ఈడీడీహెచ్ఏ అని ఉన్నది క్షార మట్టిలో కూడా పనిచేస్తుంది. రేటు ఎక్కువే, కానీ డబ్బులు పెట్టేదేదో పనిచేసేదాని మీద పెట్టాలి కదా. "ఇనుము మందు వేశాం, పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది ఈ తేడా చూడకుండా కొన్నవాళ్లే. డోసు ప్యాకెట్ మీద ఉన్నంతే, ఎక్కువ వేయొద్దు.

మెత్తని నీళ్లు ఎక్కడ్నుంచి తేవాలి?

మొదటిది వాన. 2020 అక్టోబర్‌లో టోలిచౌకి నదీమ్ కాలనీ ఎలా మునిగిందో మనమంతా చూశాం. షా హాతిం చెరువు పొంగి, ఇళ్లలోకి నీళ్లు వచ్చి, జనం రోజుల తరబడి అవస్థ పడ్డారు. అంటే మన ఏరియాకి వాన నీళ్లకి కరువు లేదు, పట్టుకోవడానికే కరువు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా టెర్రస్ పైపు కింద ఒక డ్రమ్ము పెట్టినా చాలు. మొదటి వాన నీళ్లు దుమ్ముతో వస్తాయి, వదిలేయండి. డ్రమ్ము మీద మూత గానీ దోమతెర గుడ్డ గానీ తప్పనిసరి, లేకపోతే డెంగీ దోమల్ని పెంచినట్టే.

రెండోది ఏసీ పైపు. గాల్లోని తేమ చల్లబడి కారిన నీళ్లు కాబట్టి అందులో సున్నం ఉండదు. ఉక్కపోత రోజుల్లో ఎక్కువ వస్తాయి. పైపు కింద బకెట్ పెట్టండి, చల్లదనం తగ్గాక పోయండి. మీరు కిందకి వదిలేస్తున్న ఆ నీళ్లే ఈ మొక్కకి అమృతం.

ఈ రెండూ లేనప్పుడు, 10 లీటర్ల బకెట్ బోరు నీళ్లలో సుమారు అర టీస్పూన్ నిమ్మ ఉప్పు కలిపి పోయొచ్చు. నీళ్ల గుణాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, స్ట్రిప్‌తో చూసి 6 దగ్గరికి తెచ్చుకోండి. కానీ ఇది తాత్కాలికం. నిమ్మ ఉప్పుని మట్టిలో సూక్ష్మజీవులు తినేశాక మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి ఎండాకాలం గట్టెక్కడానికి వాడుకోండి, దాని మీదే ఆధారపడకండి.

కొత్తగా పెంచేవాళ్లకి, మొదటి నుంచి సరిగ్గా

మన నర్సరీల్లో కనిపించే మొక్కలు చాలావరకు గోదావరి ఒడ్డున ఉన్న కడియం, కడియపులంక నుంచి వస్తాయి. నల్ల కవర్లో బంకమట్టి ముద్దతో ఉంటాయి. ఆ ముద్దని అలాగే కుండీలో పెట్టేస్తే, ఎండాక రాయిలా బిగుసుకుని నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. మెల్లగా పైపై మట్టిని వేళ్లతో వదులు చేయండి. వేర్లు మాత్రం తెంపకండి.

12 అంగుళాల కుండీ తీసుకోండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, వర్మీ కంపోస్ట్ ఒక పాలు, ఇసుక అర పాలు, రెండు గుప్పెళ్ల వేపపిండి. కొబ్బరిపొట్టు కడగమన్నది ఎందుకంటే అందులో ఉప్పు ఉంటుంది. నాటడానికి జూన్, జూలై బెస్ట్.

ఎండ రోజుకి ఐదారు గంటలు కావాలి. నీడలో ఆకులే వస్తాయి, పూలు రావు. కానీ ఏప్రిల్, మేలో 40 డిగ్రీలు దాటే మన టెర్రస్ మీద మధ్యాహ్నం ఎండకి గ్రీన్ నెట్ కట్టండి, లేదా గోడ నీడకి జరపండి. పైమట్టి అంగుళం మేర పొడిగా అనిపిస్తేనే నీళ్లు. పోసినప్పుడు కింద రంధ్రంలోంచి కారేలా నిండుగా పోయండి. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తే ఉప్పు పైనే పేరుకుంటుంది. మట్టి మీద ఎండిన ఆకులు పరిస్తే వేర్లకి చల్లగా ఉంటుంది.

మార్చి నుంచి అక్టోబర్ దాకా నెలకి గుప్పెడు వర్మీ కంపోస్ట్. నెలన్నరకి ఒకసారి అర టీస్పూన్ అమ్మోనియం సల్ఫేట్ తడి మట్టిలో వేసి మళ్లీ నీళ్లు పోస్తే, నత్రజనీ అందుతుంది, మట్టి కూడా కాస్త పులుపు వైపు జరుగుతుంది. చలికాలంలో మొక్క నెమ్మదిస్తుంది, అప్పుడు ఎరువులు ఆపేయండి.

పూలు కొత్త చిగురు చివరే వస్తాయి. ఇది గుర్తుంటే కత్తిరింపు ఎప్పుడో మీకే తెలుస్తుంది. గుత్తి వాడిపోయాక దాని కింద ఒక జత ఆకుల మేర కత్తిరించండి, పక్క కొమ్మలు వచ్చి గుత్తులు పెరుగుతాయి. ఫిబ్రవరి చివర్లో ఒకసారి షేప్ చేసుకోండి. బంగళాల ముందు గోడలా నున్నగా కత్తిరించిన వరసల్లో పూలు తక్కువగా కనిపించడానికి కారణం ఇదే, మొగ్గ వచ్చే చివర్లని ఎప్పటికప్పుడు కట్ చేసేస్తారు.

పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు, ఈ మూడూ వస్తాయి. కొమ్మ మీద చీమలు బారులు తీరితే పురుగు ఉన్నట్టే లెక్క. అవి కార్చే తీపి జిగురు కోసం చీమలు వస్తాయి. ఆ జిగురు మీదే నల్లటి మసి పడుతుంది. ముందు నీళ్ల పైపుతో గట్టిగా కడిగేయండి. తర్వాత లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం కొట్టండి, వారానికోసారి. పూల మీద వద్దు, సీతాకోకచిలుకలు వస్తాయి. ఆ పొడవాటి సన్నటి గొట్టంలో తేనె అందేది పొడవాటి నాలుక ఉన్న వాటికే.

ఫ్రెండ్‌కి ఇవ్వాలంటే కొత్తది కొననక్కర్లేదు. వానాకాలంలో మరీ లేతగా, మరీ ముదురుగా లేని కొమ్మ నాలుగైదు అంగుళాలు కట్ చేసి, పైన రెండు ఆకులుంచి, తడి కొబ్బరిపొట్టు, ఇసుక మిశ్రమంలో గుచ్చి, ప్లాస్టిక్ కవర్ కప్పి నీడలో పెట్టండి. నెల నుంచి రెండు నెలల్లో వేర్లు వస్తాయి.

మరి మా దగ్గర బోరు నీళ్లు తప్ప ఏమీ లేవంటే?

నిజాయితీగా చెబుతాను. వాన నీళ్లు పట్టే చోటు లేదు, ఏసీ లేదు, మట్టికి ఖర్చు పెట్టే పరిస్థితి లేదు అంటే నూరు వరహాలు కొనకండి. ఆ నీళ్లని తట్టుకునే మొక్క కొనండి. కాగితం పూలు, దేవగన్నేరు, ఎడారి గులాబీ బాగానే వస్తాయి. గన్నేరు కూడా తట్టుకుంటుంది, కానీ దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో వద్దు. నీళ్లని బట్టి మొక్కని ఎంచుకోవడం ఓటమి కాదు, మన ఊళ్లలో రైతు నేలని బట్టి పంట వేసినట్టే.

ఉన్న మొక్కని బతికించుకోవాలనుకునేవాళ్లు ఈ వారం మూడు పనులు చేయండి. కుండీ పైన ఉన్న తెల్లటి పొరని ఒక అంగుళం మేర గీకి పారేసి కొత్త కంపోస్ట్ వేయండి. ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. ఆర్.ఓ. వేస్ట్ పైపుని కుండీ నుంచి పక్కకి తిప్పండి. ఈ మూడింటికీ దాదాపు పైసా ఖర్చు లేదు. ఆ తర్వాతే అన్నభేది సంగతి.

ఇంట్లో ఎవరైనా "నీ హస్తవాసి బాలేదు" అంటే, వెనిగర్ సీసా, చెంచాడు కుండీ మట్టి తెచ్చి వాళ్ల ముందే టెస్ట్ చేసి చూపించండి. బుడగలు వాళ్లకే సమాధానం చెబుతాయి.

మీ ఆకుల ఫోటోలు కామెంట్లలో పెట్టండి. కొత్త ఆకు, పాత ఆకు రెండూ కనబడేలా తీయండి, బోరు నీళ్లా మంచి నీళ్లా అన్నది కూడా రాయండి. అది రాయకపోతే నేను చెప్పేది ఊహే అవుతుంది.